అసమాపక క్రియలు: సెమిలిగుడ డైరీ

ఆగస్టు 4, 2024. ఆదివారం

మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. లాప్‌టాప్‌లో ఛార్జింగు ఉన్నంతసేపూ మాకులా ఫైళ్ళు తిప్పుతూ కూర్చున్నాను. గ్రీకు కొత్త నిబంధన మొత్తం, సుమారు 1,38,000 మాటలు. ప్రతి వాక్యాన్నీ కొమ్మలూ రెమ్మలుగా విడదీసి పెట్టారు. ఏది కర్త, ఏది కర్మ, ఏ ఉపవాక్యం ఎక్కడినుంచి వేలాడుతోంది, అన్నిటికీ గుర్తులున్నాయి. ఆండీ వూ, రాండల్ టాన్ అనే పండితులు నడిపిన పని ఇది. ఎబర్‌హార్డ్ నెస్లే 1904లో వేసిన పాఠానికి గీసిన చెట్లు అందులో ఉన్నాయి. ఎవరు చేశారో పేరు చెబితే చాలు, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తిరిగి పంచిపెట్టవచ్చు.

గ్రీకు పాఠాన్ని కంప్యూటరుతో వెతకడానికి 1970లలోనే అమెరికాలో గ్రామ్‌కార్డ్ అని ఒక ప్రోగ్రాం మొదలైంది. మాటల విభక్తీ కాలమూ పురుషా పట్టుకుని వెతకడం దాని పని. వాక్యం మొత్తాన్ని చెట్టుగా నిలబెట్టి వెతకడం చాలా తరవాత వచ్చింది. ఈ సౌకర్యం ఇప్పుడు సెమిలిగుడలో నా వరండాలోకి వచ్చింది, కరెంటు ఉంటే.

సెమిలిగుడ అనగానే అరకు రైలెక్కిన ఆంధ్రులు శిమిలిగుడ స్టేషను అనుకుంటారు. అది వేరు. మాది కొరాపుట్ నుంచి సాలూరు పోయే రోడ్డు మీద, సునాబెడ పక్కన.

ఆగస్టు 6, మంగళవారం

ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం, 3 నుంచి 14 వచనాలు. గ్రీకులో ఇదంతా ఒకే వాక్యమని చాలామంది లెక్క. సుమారు రెండు వందల మాటలు. 1913లో ఎడ్వర్డ్ నోర్డెన్ అనే జర్మన్ పండితుడు, గ్రీకులో తను చూసిన వాక్యాల్లో ఇంత వికారమైన పోగు ఇంకోటి లేదని విసుక్కున్నాడు.

తెర మీద చెట్టు చూస్తే నాకు విసుగు రాలేదు. పైన స్తుతి, అందులో క్రియే లేదు. దాని కింద 'ఆశీర్వదించినవాడు'. అక్కణ్ణించి 'ఎన్నుకున్నాడు', దానికి తగులుకుని 'ముందే నిర్ణయించి'. ఆపైన 'ఎవరియందు' అనే కొక్కెం మళ్ళీ మళ్ళీ పడుతుంది. ఏడో వచనంలో ఒకటి, పదకొండులో ఒకటి, పదమూడులో రెండు. ఒక్కో కొక్కేనికి ఒక్కో ఉపవాక్యం వేలాడుతుంది. మధ్యమధ్య మహిమకు కీర్తి అనే పల్లవి మూడుసార్లు, 6, 12, 14 వచనాల్లో. కాగితం మీద చదివినప్పుడు ఇది ఊపిరాడని వాక్యం. చెట్టు గీశాక, కీర్తన రాసినవాడి చెయ్యి తెలుస్తుంది.

ఒకచోట ఆగాను. నాలుగో వచనం చివర 'ప్రేమలో' అనే అర్థమిచ్చే రెండు గ్రీకు మాటలున్నాయి. అవి ముందున్న 'పరిశుద్ధులుగా, నిర్దోషులుగా' అన్నదానికి చెందుతాయా, తరవాతి 'నిర్ణయించి' అన్నదానికా? మనుషుల ప్రేమా, దేవుడి ప్రేమా? వ్యాఖ్యాతలు ఇటు కొందరు, అటు కొందరు. పుస్తకం రాసేవాడు రెండూ చెప్పి ఊరుకోవచ్చు. చెట్టుకి ఆ వెసులుబాటు లేదు. ఎక్కడో ఒకచోట తగిలించి తీరాలి. తగిలించాక, తెర మీద అది కర్త కర్మల గుర్తులంత ఖాయంగానే కనిపిస్తుంది.

ఆగస్టు 7

అదే భాగం మన పాత తెలుగు బైబిల్లో తీశాను. మనవాళ్ళు చేసిన పని చూడండి. గ్రీకులో క్రియ ముందు వచ్చి, దాని కారణాలూ ఉద్దేశాలూ వెనక వరసగా వస్తాయి. తెలుగులో ఉద్దేశాలు ముందు చెప్పి చివర క్రియతో కట్టాలి. అనువాదకులు 4, 5, 6 వచనాలను తలకిందులు చేసేశారు. గ్రీకు ఆరో వచనంలోని కృప సంగతి తెలుగులో నాలుగో వచనంలో మొదలవుతుంది. గ్రీకు నాలుగో వచనంలోని ఎన్నిక తెలుగులో ఆరో వచనం చివరికి వెళ్ళి కూర్చుంది. అంకెలు మాత్రం 4, 5, 6 అనే వరసలోనే ఉన్నాయి! ఇంగ్లిషు బైబిలు పట్టుకున్నవాడు 'నాలుగో వచనం చూడండి' అంటే తెలుగు బైబిలు వాడికి వేరే సంగతి కనిపిస్తుంది.

'ప్రేమ'కి మనవాళ్ళు మూడో చోటు చూశారు. 'ఎన్నుకున్నాడు' అన్న ప్రధాన క్రియకే తగిలించారు.

దీన్ని తప్పు అనను. పన్నెండు ముక్కలుగా నరికి పొట్టి వాక్యాలు చేసుకున్న ఇంగ్లిషు అనువాదాల కంటే ఇదే నయం. ఏది ప్రధానం, ఏది దానికి లోబడింది అన్న లెక్క తెలుగులో చెక్కుచెదరలేదు. వరస మారింది, అధీనం మారలేదు. ఈ తేడా తెలుసుకోవడానికే నాకు చెట్టు కావాలి.

ఆగస్టు 9, శుక్రవారం. కుందులి సంత

అల్లం, బంగాళాదుంప, క్యాబేజీ బస్తాలు. బురద. దేవమాలి కొండ (1,672 మీటర్లు) మబ్బుల్లో పూర్తిగా మునిగిపోయింది. విజయనగరం వైపు నుంచి వచ్చిన వ్యాపారి ఫోనులో అంటున్నాడు: "సరుకు దించి, లెక్క చూసుకుని, ఇంత టీ తాగి బయల్దేరతాను." నాలుగు పనులకి ఒకటే సమాపక క్రియ. పక్కన ఒడియాలో బేరం చేస్తున్నావిడ 'ఖాఇ', 'జాఇ' అంటోంది. మన 'తిని', 'వెళ్ళి' అదే.

మర్రీ ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒకే భాషామండలంగా చూడాలని వ్యాసం రాశాడు. వేరువేరు కుటుంబాల భాషలు పక్కపక్కన బతికి ఒకే పోకడలు పట్టుకున్నాయన్నాడు. ఇలా పనుల్ని 'చేసి, చూసి' అంటూ గుదిగుచ్చడం ఆ పోకడల్లో ఒకటి. కొరాపుట్ జిల్లాలో ద్రావిడం, ముండా, ఆర్యం మూడూ ఒకే సంతకి వస్తాయి. గదబ అనే ఒక్క పేరు కింద రెండు భాషలున్నాయి. గుతోబ్ ముండా వర్గం, ఒల్లారి మన ద్రావిడ వర్గం.

గ్రీకు ఈ మండలంలో లేదు. అయినా దాని అసమాపక క్రియల పోగు చూస్తే, బడిలో ఇంగ్లిషు ద్వారా గ్రీకు నేర్చుకోవడం చుట్టుతిరుగుడు ప్రయాణంలా ఉంటుంది.

ఆగస్టు 11, ఆదివారం

మత్తయి చివరి అధ్యాయం, 19వ వచనం మీద ఇవాళ ప్రసంగం. "వెళ్ళండి!" అని పాస్టరుగారు బల్ల గుద్దారు. ఆయన చదివిన ఇంగ్లిషు వ్యాఖ్యానంలో అలా ఉంది. ఇంకో వర్గం ఇంగ్లిషు వ్యాఖ్యాతలు దీనికి ఎదురు వాదిస్తారు. గ్రీకులో ఉన్న ఆజ్ఞ ఒక్కటే, 'శిష్యులను చేయండి' అన్నది. 'వెళ్ళి' అన్నది ఆజ్ఞ కాదు, కాబట్టి 'మీరు వెళ్తూ ఉండగా' అనుకోవాలి అంటారు.

ఇంటికొచ్చి వెతికాను. మత్తయిలోనే, ముందు 'వెళ్ళి' లేక 'లేచి' అనే అసమాపకం, వెంటనే ఆజ్ఞార్థకం ఉన్న చోట్లు చూపించమన్నాను. హేరోదు జ్ఞానులతో వెళ్ళి వెతకమన్నాడు (2:8). దూత యోసేపుతో లేచి తల్లినీ బిడ్డనీ తీసుకుపొమ్మన్నాడు (2:13, మళ్ళీ 2:20). వెళ్ళి నేర్చుకోండి (9:13). వెళ్ళి యోహానుకి చెప్పండి (11:4). వెళ్ళి గాలం వెయ్యి (17:27). వెళ్ళి శిష్యులతో చెప్పండి (28:7). ఇన్నిట్లో ఒక్కచోటైనా వెళ్ళడం ఐచ్ఛికమా? హేరోదు చంపబోతుంటే యోసేపు లేవడం మానేస్తే ఎలా?

తెలుగు తల్లి "దుకాణానికెళ్ళి పంచదార తే" అంటే, వెళ్ళడం ఆజ్ఞ కాదని వాదించే కొడుకు ఉంటాడా? ఉంటే వాడికి పంచదారతోపాటు ఇంకోటి కూడా దొరుకుతుంది. అసమాపకం మీదికి ఆజ్ఞ దానంతటదే పాకుతుంది. ఇంగ్లిషులో ఇంత వివాదం నడిచిన చోట తెలుగు చెవికి సందేహమే లేదు. పాత తెలుగు అనువాదం 'వెళ్ళి' అని అసమాపకంగానే ఉంచింది. ఆజ్ఞకి ముందున్నదాన్ని అలా ఉంచగలిగింది. ఆజ్ఞ తరవాత వచ్చే 'బాప్తిస్మమిస్తూ, బోధిస్తూ' దగ్గర ఇబ్బంది పడింది. తెలుగు వాక్యం అసమాపకంతో ముగియదు గదా, అందుకని చివరిదాన్ని 'బోధించండి' అని ఇంకో ఆజ్ఞగా మార్చేసింది.

యంత్రం ఈ మాటేదీ చెప్పలేదు. ఉదాహరణలన్నీ ఒక్క తెర మీద వరసపెట్టింది, అంతే. ఆ పని చేతితో చెయ్యాలంటే మత్తయి మొత్తం దువ్వాలి.

ఆగస్టు 12

వాన. ఏమీ చదవలేదు.

ఆగస్టు 15, గురువారం

జెండా వందనం తరవాత పొట్టంగి వైపు నుంచి మిత్రుడొకడు వచ్చాడు. ఇంట్లో దేసియా (ఈ కొండల్లో మాట్లాడే ఒడియా), బడిలో ఒడియా, సంతలో తెలుగు. వాళ్ళ ఊరివాళ్ళు సువార్త కథల్ని దేసియాలో చెప్పుకుంటున్నారు. సాయం పట్టమని నన్ను అడుగుతుంటాడు. తెర మీద చెట్టు చూసి అడిగాడు: "మాస్టారూ, మీ కంప్యూటరుకి ఈ వాక్యం అర్థమైందా?"

"దానికేం అర్థమవుతుంది బాబూ. ఎవరికో అర్థమైంది, అది దాచిపెట్టింది."

"ఆ ఎవరో సరిగ్గా అర్థం చేసుకున్నాడని మీకెలా తెలుసు?"

నేను చెప్పాల్సిన మాట వాడే అడిగేశాడు.

అలమారలోంచి ఊవే గుస్తాఫ్‌సన్ నిఘంటువు తీసి చూపించాను. ఆదివాసీ ఒడియా, తెలుగు, ఇంగ్లిషు మూడూ ఉన్నది. 1989లో మైసూరులోని కేంద్రీయ భాషాసంస్థ వేసింది. గుస్తాఫ్‌సన్ అరకు లోయలో ఏళ్ళ తరబడి ఉండి, అక్కడి వాళ్ళకి సొంత మాటలో చదువు చెప్పే పని నడిపాడు. సరిహద్దుకి ఈపక్క బడి లిపి ఒడియా, ఆపక్క తెలుగు. ఇంట్లో మాట్లాడే మాట మాత్రం ఒకటే. ఈ కొండల్లో భాషకి వ్యాకరణం రాయడం కొత్త పని కాదు. జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి మిషనరీలు 1882లో వచ్చారు. వాళ్ళ తరవాతి వాళ్ళలో షుల్జె సాలూరులో ఉండి కువి వ్యాకరణం రాశాడు, 1911లో మద్రాసులో అచ్చయింది. పర్లాకిమిడిలో మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మాట పట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది. అప్పటికి కొరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాలోదే. 1936లో ఒడిశా ఏర్పడ్డాక అటు వెళ్ళింది.

వాళ్ళకి చెట్లు గీసే యంత్రం లేదు. చెవి ఉంది.

ఆగస్టు 18

గ్రీకులో ఒక వింత కట్టు. ప్రధాన వాక్యం కర్త వేరు, అసమాపకం కర్త వేరు అయితే, ఆ రెండో కర్తనీ దాని క్రియనీ షష్ఠిలో పెట్టి వాక్యానికి బయట నిలబెడతారు. మత్తయి 9:18లో యేసు మాట్లాడుతూ ఉన్నాడు, వచ్చి మొక్కినవాడు వేరొకడు, ఒక అధికారి. ఇంగ్లిషు వ్యాకరణాలు ఒక అధ్యాయం పట్టి దీన్ని వివరిస్తాయి. సంస్కృతం వచ్చినవాడికి ఒక్క మాట చాలు, సతి సప్తమి. అక్కడ సప్తమి, ఇక్కడ షష్ఠి, అంతే తేడా. సంస్కృతం రాని తెలుగువాడికి అదీ అక్కర్లేదు: 'ఆయన మాట్లాడుతుండగా ఇంకొకడు వచ్చాడు.' కర్త ఒకడే అయితే 'మాట్లాడుతూ', వేరైతే 'మాట్లాడుతుండగా'. ఈ తేడా మనం పాలతో తాగాం.

మన అసమాపకాల పేర్లు చూడండి: క్త్వార్థకం ('చేసి'), శత్రర్థకం ('చేస్తూ'), చేదర్థకం ('చేస్తే'), అప్యర్థకం ('చేసినా'), తుమున్నర్థకం ('చేయ'). తొమ్మిదో తరగతి పిల్లలు మార్కుల కోసం బట్టీపట్టి మర్చిపోయే పేర్లు. గ్రీకు కొత్త నిబంధన చదవడానికి ఇవే పనికొస్తాయని వాళ్ళకెవరూ చెప్పరు.

ఆగస్టు 21

వాక్యం ఎక్కడ ముగుస్తుంది? పాత రాతప్రతుల్లో మాటల మధ్య ఖాళీలే లేవు, విరామ చిహ్నాలు అరుదు. చుక్క పెట్టింది తరవాతివాళ్ళు. యోహాను 1:3, 4 మధ్య 'కలిగినది' అనే చిన్న ఉపవాక్యం ఉంది. దాన్ని మూడో వచనం తోకగా చదవచ్చు, నాలుగో వచనం తలగానూ చదవచ్చు. నెస్లే పాత ముద్రణలు మొదటి దారి. 1979లో వచ్చిన 26వ ముద్రణ రెండో దారికి మారింది. ఆ కమిటీలో సభ్యుడైన బ్రూస్ మెట్స్‌గరే తనకి సమ్మతం కాదని రాసిపెట్టాడు. మన తెలుగు బైబిలు మొదటి దారినే ఉంది.

చెట్టు గీసేవాడికి చుక్క ముందే కావాలి. ఆస్లోలో చేసిన ప్రోయెల్ అనే గ్రీకు చెట్లకి ఆధారం టిషెన్‌డార్ఫ్ పాఠం, మాకులాకి నెస్లే. కాబట్టి ఒకే సువార్తకి రెండు చోట్ల రెండు రకాల కొమ్మలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

1963లో ఏ. క్యూ. మార్టన్ అనే స్కాట్లండు పాదిరి కంప్యూటరుతో వాక్యాల పొడవులూ, 'మరియు' అనే అర్థమిచ్చే 'కై' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలు కట్టి, పౌలు పేరుతో ఉన్న పెద్ద పత్రికల్లో నాలుగే పౌలువి అని ప్రకటించాడు. వార్తాపత్రికల్లో పెద్ద గోల. జాన్ ఎలిసన్ అనే ఆయన అదే పద్ధతి జేమ్స్ జాయిస్ 'యులిసిస్' మీద పెట్టి చూస్తే, ఆ నవలకి అయిదుగురు రచయితలు తేలారు. నన్నడిగితే అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. వాక్యం పొడవు కొలిచారే, ఆ చుక్కలు పెట్టింది పౌలా? కొలిచింది చాలావరకు సంపాదకుడి చేతిని.

ఆగస్టు 25, ఆదివారం

యూనివర్సల్ డిపెండెన్సీస్ అని ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. ప్రపంచ భాషల వాక్యాలకి ఒకే రకం గుర్తులు పెడతారు. అందులో ప్రోయెల్ గ్రీకు కొత్త నిబంధన ఉంది. తెలుగూ ఉంది! తారక రామ, సౌమ్య వజ్జల పెట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోని ఉదాహరణ వాక్యాలు, 1,328. మత్తయి చివరి అధ్యాయంలోని గ్రీకు 'పొరెవ్‌థెంతెస్'కీ తెలుగు 'వెళ్ళి'కీ ఒకటే గుర్తు, క్రియని విశేషించే ఉపవాక్యం అని. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని వెతకవచ్చు.

ఒక లోటుంది. వ్యాకరణ పుస్తకంలో ఉదాహరణలు పొట్టివి. ఎక్కువ భాగం నాలుగైదు మాటల్లో అయిపోతాయి. నాలుగు క్త్వార్థకాలు, రెండు చేదర్థకాలు, మధ్యలో ఒక 'అని' పెట్టి మనం రోజూ మాట్లాడే పొడుగు వాక్యం అందులో దొరకదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో పాణిని కారకాల పద్ధతిలో భారతీయ భాషలకి చెట్లు గీసిన పని జరిగింది. కర్తకీ కర్మకీ వాళ్ళు పెట్టిన గుర్తులు మన చదువుకి దగ్గరివి. పాణిని గ్రీకుకి వ్యాకరణం రాయలేదు గానీ, రాసుంటే ఇంకోలా ఉండేదా అనిపిస్తుంది.

సునాబెడ హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీలో మిగ్ ఇంజన్ల మీద పని చేసి రిటైరయినవాణ్ణి. ఇంజను విప్పి, నట్టు నట్టుకీ అంకె వేసి పరిచిన డ్రాయింగు ఎన్నో ఏళ్ళు చూశాను. ఆ డ్రాయింగు లేకుండా ఇంజను తిరిగి బిగించలేం. డ్రాయింగు మాత్రం ఎగరదు. చెట్టు కూడా అంతే.

సెప్టెంబరు 1, ఆదివారం

మార్కు సువార్త మొదటి అధ్యాయం. వచనాల్లో ఎక్కువ భాగం 'కై'తో మొదలవుతాయి. చెట్టు చూస్తే కొమ్మలు లేవు, బారుగా పక్కపక్కన నిలబడ్డ వాక్యాలే. ఎఫెసీకి పూర్తిగా ఎదురు. తెలుగులో ప్రతిసారీ 'మరియు' పెడితే చెవికి ముల్లు. పాస్టరుగార్లకి అలవాటైపోయింది గానీ, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

పొట్టంగి మిత్రుణ్ణి ఆ కథ దేసియాలో నోటితో చెప్పమన్నాను, పుస్తకం చూడకుండా. కపెర్నహూములో పేతురు అత్తకి జ్వరం తగ్గిన ఘట్టం. అతను చెప్పిన తీరు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: 'ఇంటికి వచ్చారు. వచ్చి చూస్తే ఆవిడ పడుకుని ఉంది. పడుకుని ఉంటే, దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.' ప్రతి వాక్యం తోకనీ పట్టుకుని తరవాతి వాక్యం లేస్తోంది. మా నాయనమ్మ కథలూ ఇలాగే నడిచేవి. మార్కు 'కై' చేసే పనిని ఈ తోకపట్టు చేస్తుందనిపించింది. కథ ఆగకుండా లాక్కుపోవడం, వినేవాణ్ణి మధ్యలో దారి తప్పనివ్వకపోవడం. ఏ అనువాద సంఘమూ ఇతనికి నేర్పలేదు.

ఇతని కథనాన్ని రికార్డు చేసి చెట్టుగా గీసి, మార్కు చెట్టు పక్కన పెట్టాలి. ఆ రోజున ఎవరి వాక్యం ఎవరిదానికి దగ్గరో కళ్ళకి కనిపిస్తుంది.

సెప్టెంబరు 7, శనివారం. వినాయక చవితి

వీధి చివర పందిట్లో మైకు. హెచ్‌ఏఎల్ కాలనీ తెలుగువాళ్ళ పిల్లలు పత్రి కోసం తిరుగుతున్నారు.

మనసులో ఉన్న మాట రాసేస్తాను, పత్రికకి పంపేటప్పుడు ఇది తీసెయ్యను. గ్రీకు చెట్ల ఫైళ్ళు ఉచితం. వాటి గుర్తులన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి, వివరణలూ ఇంగ్లిషు వాక్యానికి కొలిచి కుట్టినవి. తెలుగునాట వేదాంత కళాశాలల్లో గ్రీకు చదివే కుర్రాడు తనకి పుట్టుకతో తెలిసిన క్త్వార్థకాన్ని వదిలేసి, ఇంగ్లిషువాళ్ళకి అర్థంకాక పేరుపెట్టిన ఒక కొత్త తంటాని నేర్చుకుంటున్నాడు. దీనికి మందు పెద్దదేం కాదు. తెలుగు ఎమ్మే చదివినవాళ్ళలో ఒకరు, కోడు రాయడం వచ్చినవాళ్ళలో ఒకరు, గ్రీకు తెలిసినవాళ్ళలో ఒకరు కూర్చోవాలి. గుర్తుల పేర్లు తెలుగు వ్యాకరణంలోకి మార్చాలి. పొడుగు తెలుగు వాక్యాలకి చెట్లు గీయాలి. అనుమానం ఉన్న చోట రెండు కొమ్మలూ చూపించే ఏర్పాటు పెట్టాలి. మతం ఏదైనా అడ్డు కాదు, ఇది వాక్యం పని. చేయదలిచినవాళ్ళు మార్కుతో మొదలుపెట్టండి. నాలుగు సువార్తల్లోనూ చిన్నది అదే, పదహారు అధ్యాయాలు.